హెడర్, ఫుటర్ ఒక్కసారే రాసి అన్ని పేజీల్లో వాడుకోవడం ఎలా?

"ఫుటర్‌లో ఒక్క ఫోన్ నంబరు మార్చడానికి ఇన్ని ఫైళ్లు తెరవాలా సార్?" తిరుపతిలో నా దగ్గర వెబ్‌సైట్ పని నేర్చుకునే పిల్లల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నా పొరపాటు కూడా చెప్పేస్తాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అప్పటికి నేను చేసిన ఒక లాడ్జి సైటులో 18 పేజీలు ఉన్నాయి. ప్రతి పేజీ కింద "తిరుపతి, చిత్తూరు జిల్లా, 517501" అని ఉంది. మొదటి పేజీని కాపీ కొట్టి కొట్టి మిగతావి తయారుచేశాను మరి. ఆ ఒక్క మాట మార్చడానికి కూర్చుని 17 ఫైళ్లు మార్చాను. వదిలేసిన ఆ ఒక్కటీ గదుల రేట్ల పేజీ, అంటే జనం ఎక్కువగా చూసేది. నెల తర్వాత ఓనరు ఫోన్ చేసి, "ఏం నాయనా, మేము ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉండామా?" అన్నాడు. ఆ వారమే సైటు మొత్తాన్ని లేఅవుట్‌లోకి, అంటే అన్ని పేజీలూ పంచుకునే ఒకే చట్రంలోకి మార్చాను.

ఇక్కడ చెప్పే పద్ధతి ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ (వెబ్‌సైట్లు కట్టడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫ్రేమ్‌వర్క్)లోని రేజర్ టెంప్లేట్లకు, అంటే హెచ్‌టీఎంఎల్ మధ్యలో కోడ్ కలిపి రాసే ఫైళ్లకు. పీహెచ్‌పీ, జాంగో, లారవెల్ వాడేవాళ్ల కోసం చివర్లో కొంచెం రాశాను. ఫైల్ పేర్లు, కోడ్ మాటలు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషులోనే.

సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

డాట్‌నెట్ 8 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉన్న ఎస్‌డీకే (ప్రాజెక్టు తయారుచేసి నడిపే సాధనాల కట్ట), వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్, క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్. పాత సైటును మార్చేవాళ్లయితే ముందు మొత్తం ఫోల్డర్‌కు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. గిట్ (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే సాధనం) వాడితే ఇంకా మంచిది. ఒక తెల్ల కాగితం, ఎర్ర పెన్ను కూడా కావాలి. నవ్వకండి, మొదటి మెట్టులోనే పని పడుతుంది.

ఉదాహరణకు మన సైటు ఒక లాడ్జిది అనుకుందాం. హోమ్, గదులు, రేట్లు, దారి, సంప్రదించండి అని ఐదు పేజీలు. దారి పేజీలో రైల్వే స్టేషన్ నుంచి, బస్టాండ్ నుంచి, రేణిగుంట విమానాశ్రయం నుంచి ఎలా రావాలో ఉంటుంది. కపిలతీర్థం, అలిపిరి ఎటువైపో చూపే మ్యాపు కూడా ఉంటుంది.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెబుతాను. లేఅవుట్ కల్యాణ మండపం లాంటిది. మండపం అదే, రోజుకో పెళ్లి మారుతుంది. పార్షియల్ వ్యూ అంటే షామియానా వాళ్ల కుర్చీలు. ఏ మండపానికి కావాలంటే ఆ మండపానికి తీసుకెళ్లి వేసుకోవచ్చు.

1. ఏది అన్ని పేజీల్లో ఉంది, ఏది మారుతోంది చూడండి

రెండు మూడు పేజీలు పక్కపక్కన తెరిచి, కాగితం మీద మూడు గళ్లు గీయండి. అన్ని పేజీల్లో ఒకేలా ఉన్నవి (లోగో, మెనూ, ఫుటర్) మొదటి గడిలో రాయండి. ఆ పేజీకి మాత్రమే సంబంధించినవి రెండో గడిలో. కొన్ని పేజీల్లో మళ్లీ మళ్లీ వచ్చేవి, అంటే గది ఫొటో, పేరు, రేటు ఉండే చిన్న డబ్బా లాంటివి, మూడో గడిలో. మొదటి గడిలోవి లేఅవుట్‌లోకి పోతాయి. మూడో గడిలోవి పార్షియల్స్ అవుతాయి. రెండో గడి జోలికి పోకండి.

2. లేఅవుట్ ఫైల్ తయారుచేయండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టెర్మినల్‌లో డాట్‌నెట్ న్యూ ఎంవీసీ అనే కమాండ్ ఇస్తే ప్రాజెక్టు తయారవుతుంది. అందులో వ్యూస్ ఫోల్డర్, దానిలో షేర్డ్ ఫోల్డర్, అందులో _లేఅవుట్ అనే ఫైల్ ముందే ఉంటుంది. పేరు ముందున్న అండర్‌స్కోర్‌కు పెద్ద మహిమేమీ లేదు. ఈ ఫైల్‌ను నేరుగా పేజీగా చూపించరు అని మనకు గుర్తు, అంతే.

మీ హోమ్ పేజీలో ఉన్నదంతా కాపీ చేసి ఈ ఫైల్‌లో పెట్టండి. మధ్యలో హోమ్ పేజీకి మాత్రమే చెందిన ముక్కను తీసేసి, ఆ ఖాళీలో @రెండర్‌బాడీ() అని రాయండి. అది ఒకే మాట, ఆర్, బి పెద్దక్షరాలు. ఇది మరిచిపోతే పేజీ అసలు రాదు. రెండర్‌బాడీని పిలవలేదని ఎర్రర్ చూపిస్తుంది. ఎర్రర్ చూపించే తప్పులు మంచి తప్పులు. చూపించనివే మన ప్రాణం తీస్తాయి, వాటి సంగతి కింద చెబుతాను.

తెలుగు సైటు అయితే ఇక్కడే రెండు పనులు చేయండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ విలువను టీఈ అని పెట్టండి. హెడ్ భాగంలో యూటీఎఫ్-8 వరస ఉందో లేదో చూడండి. ఒక్క చోట పెడితే అన్ని పేజీలకూ వచ్చేస్తుంది.

3. మిగతా పేజీల తల, కాళ్లు తీసేయండి

ఇప్పుడు గదులు, రేట్లు, దారి పేజీల్లోంచి డాక్‌టైప్, హెచ్‌టీఎంఎల్, హెడ్, బాడీ ట్యాగులు, మెనూ, ఫుటర్ అన్నీ తీసేయాలి. మధ్య ముక్క ఒక్కటే మిగలాలి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మెనూ, ఫుటర్ తీసేసి, డాక్‌టైప్, హెడ్ ట్యాగులు అలాగే వదిలేస్తారు. రేజర్ నోరెత్తదు. బ్రౌజర్ కూడా సర్దుకుపోయి పేజీ చూపించేస్తుంది. వారం తర్వాత "సీఎస్‌ఎస్ ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా వస్తాంది సార్" అంటూ టెన్షన్‌గా మెసేజ్ పెడతారు. పాత హెడ్‌లోని సీఎస్‌ఎస్ లింకు రెండోసారి లోడ్ అయి, కొత్తదాని మీద కూర్చుంటోందన్నమాట.

పాత సైటులో 18 పేజీలుంటే 18నీ ఒకే రాత్రి మార్చకండి. సంప్రదించండి లాంటి చిన్న పేజీతో మొదలుపెట్టి, అది సరిగ్గా వచ్చాక రెండోదానికి వెళ్లండి. ఇంకా మార్చని పేజీ పైభాగంలో లేఅవుట్ = నల్ అని పెడితే అది లేఅవుట్ లేకుండా పాత పద్ధతిలోనే నడుస్తుంది. రసీదు ప్రింట్ తీసే పేజీ ఉంటే దానికి కూడా ఇదే పద్ధతి.

4. ఏ లేఅవుట్ వాడాలో ఒక్క చోట చెప్పండి

ప్రతి పేజీలో లేఅవుట్ పేరు రాస్తే మళ్లీ పాత కథే. వ్యూస్ ఫోల్డర్‌లో _వ్యూస్టార్ట్ అనే ఫైల్ ఉంటుంది. అందులో లేఅవుట్ = "_లేఅవుట్" అని ఒక్క వరస చాలు.

ఈ ఫైల్ వ్యూస్ ఫోల్డర్‌లోనే నేరుగా ఉండాలి. పేరులో అండర్‌స్కోర్ చూసి చాలామంది దీన్ని షేర్డ్‌లోకి జరుపుతారు. అక్కడ పెడితే గదులు, రేట్లు పేజీలకు వర్తించదు, అవి మెనూ లేకుండా బోసిగా వస్తాయి. ఓనరు లోపలికి వెళ్లి రేట్లు మార్చుకునే అడ్మిన్ పేజీలకు వేరే రూపం కావాలంటే, ఆ పేజీలున్న ఫోల్డర్‌లో ఇంకో _వ్యూస్టార్ట్ పెట్టండి. ముందు పైది నడుస్తుంది, తర్వాత లోపలిది. చివరగా నడిచినది చెప్పిన లేఅవుటే వర్తిస్తుంది.

అడ్మిన్‌ను ఏరియాస్ ఫోల్డర్‌లో (సైటులోని పెద్ద భాగాలను విడిగా ఉంచేది) పెట్టినవాళ్లకు ఒక హెచ్చరిక. వ్యూస్ ఫోల్డర్‌లోని _వ్యూస్టార్ట్, _వ్యూఇంపోర్ట్స్ (అన్ని పేజీలకూ కావాల్సిన యూజింగ్, ట్యాగ్ హెల్పర్ వరసలు ఉండేది) ఫైళ్లు ఏరియాస్‌కు వర్తించవు. వాటిని ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లోకి జరిపితే రెండింటికీ పని చేస్తాయి, లేదా ఏరియా వ్యూస్‌లో విడిగా కాపీలు పెట్టుకోండి.

5. టైటిల్, స్క్రిప్టు: పేజీకి తగ్గట్టు మారేవి

వ్యూడేటా అంటే పేజీ నుంచి లేఅవుట్‌కు విలువలు మోసుకెళ్లే సంచి. లేఅవుట్‌లో టైటిల్ ట్యాగ్ మధ్య @వ్యూడేటా["టైటిల్"] అని రాసి, ప్రతి పేజీ పైన దానికి విలువ ఇవ్వండి. పేజీ ముందు నడుస్తుంది, లేఅవుట్ తర్వాత నడుస్తుంది, కాబట్టి పేజీలో పెట్టిన విలువ లేఅవుట్‌కు అందుతుంది. మెనూలో ఇప్పుడున్న పేజీని వేరే రంగులో చూపాలంటే కూడా ఇదే చిట్కా. మెనూ అనే పేరుతో ఇంకో విలువ పంపి, లేఅవుట్‌లో సరిపోల్చుకోండి.

మ్యాపు స్క్రిప్టు దారి పేజీకి మాత్రమే కావాలి. దాన్ని లేఅవుట్‌లో పెడితే ఐదు పేజీలూ బరువెక్కుతాయి. దర్శనం టికెట్టు చేతిలో పట్టుకుని, బస్టాండ్‌లో ఫోన్‌లో సైటు తెరిచేవాళ్లను తలుచుకుని ఈ పని చేయండి. లేఅవుట్‌లో బాడీ ముగిసే ముందు రెండర్‌సెక్షన్‌ఎసింక్ అనే వరస ఉంటుంది, స్క్రిప్ట్స్ అన్న పేరుతో. సెక్షన్ అంటే పేజీ తన సొంత ముక్కను లేఅవుట్‌లోని ఆ చోటికి పంపే పద్ధతి. దానికి రిక్వైర్డ్ విలువ ఫాల్స్ ఉండాలి. అది తీసేస్తే ఆ సెక్షన్ లేని ప్రతి పేజీ ఎర్రర్‌తో ఆగిపోతుంది. దారి పేజీలో @సెక్షన్ స్క్రిప్ట్స్ అని రాసి, మీసాల బ్రాకెట్ల మధ్య మ్యాపు స్క్రిప్టు పెట్టండి.

పేరు లేఅవుట్‌లో స్క్రిప్ట్స్ అని, పేజీలో స్క్రిప్ట్ అని ఉంటే, సెక్షన్ రాశారు కానీ ఎక్కడా వాడలేదని ఎర్రర్ వస్తుంది. మంచి తప్పే, ఒక అక్షరం దిద్దితే పోతుంది.

ఇంకొకటి చాలామందికి తగిలేది: స్క్రిప్టును సెక్షన్‌లో కాకుండా పేజీ మధ్యలోనే రాసేస్తారు. ప్రాజెక్టుతో పాటు వచ్చే లేఅవుట్‌లో జేక్వెరీ (డాలర్ గుర్తుతో పిలిచే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పేజీ చివర లోడ్ అవుతుంది. మీ స్క్రిప్టు దానికంటే ముందే నడిచి, డాలర్ గుర్తు ఏమిటో తెలియదని కన్సోల్‌లో మొత్తుకుంటుంది.

6. పార్షియల్ వ్యూ

గది డబ్బా హోమ్ పేజీలో మూడుసార్లు, గదుల పేజీలో పదిసార్లు వస్తుంది. షేర్డ్ ఫోల్డర్‌లో _గదికార్డు అనే ఫైల్ తయారుచేసి, ఆ డబ్బా కోడ్ ఒక్కటే అందులో పెట్టండి. పైన @మోడల్ వరసలో గది క్లాస్ పేరు రాయండి. మోడల్ అంటే ఆ ముక్క చూపించాల్సిన డేటా. వాడాల్సిన చోట ఇలా పిలవండి:

<పార్షియల్ నేమ్="_గదికార్డు" మోడల్="గది" />

గదుల జాబితా మీద ఫర్‌ఈచ్ తిప్పుతూ లోపల ఈ ఒక్క వరస పెడితే చాలు. ఈ ట్యాగు ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 2.1 నుంచి ఉంది. పాత పాఠాల్లో హెచ్‌టీఎంఎల్ డాట్ పార్షియల్ అని కనిపిస్తే దాన్ని వాడకండి. ఒక్కోసారి అది సర్వర్‌ను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఎసింక్ ఉన్న రూపం వాడొచ్చు, కానీ ఈ ట్యాగే చదవడానికి తేలిక.

పార్షియల్‌ను రేజర్ ముందు ఆ కంట్రోలర్ (పేజీని తయారుచేసి పంపే క్లాస్) పేరున్న ఫోల్డర్‌లో, తర్వాత షేర్డ్‌లో వెతుకుతుంది. దొరక్కపోతే ఎక్కడెక్కడ వెతికిందో ఎర్రర్‌లోనే జాబితా ఇస్తుంది. దాన్ని చదవండి. సగం మంది చదవకుండా స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతారు.

నా మాట వింటే, ప్రతి చిన్న ముక్కనూ పార్షియల్ చేయకండి. ఒక కుర్రాడు లోగోకి ఒకటి, మెనూలో ప్రతి లింకుకీ ఒకటి చేసి, మొత్తం 31 పార్షియల్స్ తెచ్చి చూపించాడు. ఏది ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టింది. ఒకే ముక్క మూడో చోట అవసరమైనప్పుడే విడగొట్టండి. డేటాబేస్ నుంచి తెచ్చి చూపించాల్సింది, అంటే "ఈ రోజు ఖాళీ గదులు" లాంటిది అయితే, పార్షియల్ కాకుండా వ్యూ కాంపొనెంట్ (తన డేటా తానే తెచ్చుకునే ముక్క) చూసుకోండి. పార్షియల్‌లోకి డేటాబేస్ పని తెస్తే తర్వాత విప్పుకోలేరు.

7. బొమ్మలు, లింకుల దారులు సరిచేయండి

హోమ్ పేజీలో లోగో వస్తుంది, గదులు పేజీకి వెళితే మాయమవుతుంది. ఎందుకంటే లేఅవుట్‌లో దారి ఇమేజెస్/లోగో అని ఉంది. బ్రౌజర్ ఇప్పుడున్న పేజీ చిరునామా నుంచి లెక్కేసుకుని, లేని ఫోల్డర్‌లో వెతుకుతుంది. దారి ముందు ~/ పెట్టండి. అప్పుడు ఏ పేజీ నుంచి చూసినా సైటు మొదటి నుంచే లెక్క. ఫైళ్లు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ ఫోల్డర్‌లో ఉండాలి.

మీ విండోస్ కంప్యూటర్‌లో వచ్చిన బొమ్మ లైనక్స్ హోస్టింగ్‌లో రాకపోతే, ఫైల్ పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడండి. లైనక్స్‌కు రెండూ వేరు వేరు ఫైళ్లు.

నోరెత్తని తప్పులు

మూడో మెట్టులో చెప్పినదానితో పాటు ఇంకో నాలుగు ఉన్నాయి. ఎర్రర్ రాదు, పేజీ వస్తుంది, కానీ ఏదో లోటు.

పార్షియల్ ఉండాల్సిన చోట ఖాళీ: _వ్యూఇంపోర్ట్స్ ఫైల్‌లో యాడ్‌ట్యాగ్‌హెల్పర్ వరస లేదన్నమాట. రేజర్ పార్షియల్ ట్యాగును తనదని గుర్తుపట్టక, ఉన్నదున్నట్టు బ్రౌజర్‌కు పంపేస్తుంది. బ్రౌజర్‌కు అది ఏమిటో తెలియదు, ఏమీ చూపించదు.

పార్షియల్ లోపల రాసిన సెక్షన్: అది లేఅవుట్ దాకా చేరదు. స్క్రిప్టు సెక్షన్‌ను పేజీలోనే రాయాలి.

పార్షియల్‌లో వ్యూడేటా మార్చి, పేజీలో మారుతుందని ఎదురుచూడటం: పార్షియల్‌కు అందేది దాని కాపీ. అక్కడ మార్చింది అక్కడే ఉండిపోతుంది.

తెలుగు అక్షరాల బదులు వింత అంకెలు: పేజీలో నేరుగా టైప్ చేసిన తెలుగు మామూలుగానే వెళ్తుంది. వేరియబుల్ నుంచి వచ్చే తెలుగును మాత్రం రేజర్ అంకెల కోడ్‌గా మార్చి పంపుతుంది. బ్రౌజర్ దాన్ని మళ్లీ తెలుగుగానే చూపిస్తుంది కాబట్టి మామూలుగా కంగారు అక్కర్లేదు. కానీ పేజీ సోర్స్‌లో వెతికితే ఆ మాట దొరకదు. స్క్రిప్టులోకి పంపిన గది పేరు అంకెలుగానే కనబడుతుంది. ప్రోగ్రామ్ ఫైల్‌లో హెచ్‌టీఎంఎల్‌ఎన్‌కోడర్‌కు బేసిక్ లాటిన్‌తో పాటు తెలుగు యూనికోడ్ శ్రేణిని కూడా అనుమతిస్తే సరిపోతుంది.

ఎర్రర్ చూపించేదే అయినా అందరినీ బెదరగొట్టేది ఒకటుంది. మోడల్ రకం వేరుగా ఉందని పొడుగాటి ఎర్రర్ వస్తుంది. పార్షియల్‌ను పిలిచేటప్పుడు మోడల్ ఇవ్వడం మరిచిపోతే పేజీ మోడలే దానికి వెళ్తుంది. ఒక గది కావాల్సిన చోటికి గదుల జాబితా మొత్తం వెళ్లి నిలబడుతుంది. మోడల్ ఇవ్వండి, పోతుంది.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుసుకోవాలి

డాట్‌నెట్ వాచ్ కమాండ్‌తో సైటు నడిపి, లేఅవుట్ ఫుటర్‌లో ఊరి పేరు పక్కన ఒక చుక్క పెట్టండి. అన్ని పేజీలూ ఒక్కొక్కటిగా తెరవండి. చుక్క లేని పేజీ ఉంటే అది ఇంకా పాత పద్ధతిలో ఉన్నట్టే.

తర్వాత ప్రతి పేజీలో కంట్రోల్-యు నొక్కి సోర్స్ చూడండి. డాక్‌టైప్ అని వెతికితే ఒక్కటే దొరకాలి. టైటిల్ ఒక్కటే ఉండాలి. పార్షియల్ ట్యాగు ఎక్కడా కనబడకూడదు. ఎఫ్-12 నొక్కి కన్సోల్‌లో ఎర్ర వరసలు, నెట్‌వర్క్‌లో 404లు (దొరకని ఫైళ్లు) ఉన్నాయేమో చూడండి.

వీఎస్ కోడ్‌లో కంట్రోల్-షిఫ్ట్-ఎఫ్ నొక్కి లాడ్జి ఫోన్ నంబరు వెతకండి. ప్రాజెక్టు మొత్తంలో ఒక్క ఫైల్‌లోనే దొరకాలి. నేను 2022లో ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు. వెతికేటప్పుడు నంబరును ఖాళీలతో, ఖాళీలు లేకుండా, 0877 కోడ్‌తో, కోడ్ లేకుండా వెతకండి. మనం ఒక్కో పేజీలో ఒక్కోలా రాసి ఉంటాం.

వేరే భాషల్లో పని చేసేవాళ్లకు

పీహెచ్‌పీలో హెడర్, ఫుటర్ రెండు ఫైళ్లు చేసి ప్రతి పేజీలో పిలుస్తారు. ఇంక్లూడ్ అయితే ఫైల్ దొరక్కపోయినా హెచ్చరిక ఇచ్చి ముందుకెళ్తుంది, రిక్వైర్ అయితే అక్కడే ఆగిపోతుంది. నేనైతే రిక్వైర్ అంటాను, తప్పు వెంటనే బయటపడుతుంది. జాంగోలో ఎక్స్‌టెండ్స్ ట్యాగు టెంప్లేట్‌లో మొట్టమొదటి ట్యాగుగా ఉండాలి. మారే చోట్లకు బ్లాక్, చిన్న ముక్కలకు ఇంక్లూడ్. లారవెల్ బ్లేడ్‌లో ఎక్స్‌టెండ్స్, సెక్షన్, యీల్డ్, ఇంక్లూడ్ అన్నవి దాదాపు ఇదే పని చేస్తాయి. ఎక్స్‌ప్రెస్‌తో ఈజేఎస్ వాడేవాళ్లకు ఇంక్లూడ్ ఉంది కానీ లేఅవుట్ దానంతట రాదు, వేరే ప్యాకేజీ పెట్టుకోవాలి.

సర్వర్ ఏమీ లేకుండా ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫైళ్లే ఉన్నవాళ్లు జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో హెడర్ తెస్తామంటారు. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అది పని చేయదు, బ్రౌజర్ అడ్డుకుంటుంది. లోకల్ సర్వర్ పెట్టుకుని చూడండి. ఐదారు పేజీలకు మించి ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు, పైవాటిలో ఒకటి నేర్చుకోండి.